మొదటి దాగలికి కొమ్ము అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ చెన్నై ఎడిషన్ ఆదివారం అనుబంధంలో సెలవురోజు సరదాగా చేసే కమ్మరి పని గురించి వేసిన వ్యాసం చదివాం. కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రకారు సుత్తి పట్టుకుంటున్నారంటే మాకు సంతోషమే. అయితే అందులో దాగలి (కాలిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ) గురించి రాసిన రెండు పేరాలూ చదివిన కొత్తవాడు పని మొదలుపెట్టకుండానే మానేస్తాడు, లేదంటే డబ్బు తగలేస్తాడు. కనీసం 70 కిలోల, కొమ్మున్న దాగలి కావాలని ఒకచోట రాశారు. అంత పెట్టలేనివాళ్లు ఆన్‌లైన్‌లో దొరికే చిన్న పోత దాగలితో సరిపెట్టుకోవచ్చని ఇంకోచోట రాశారు. మొదటి మాట అనవసరం, రెండోది తప్పు. మేం గిండి, అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్లలో టూల్‌రూముల్లో, ఫోర్జింగ్ షాపుల్లో పనిచేసే తెలుగువాళ్లం. మాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాం. కాస్త పొడుగైనా వేయమని మనవి.

ముందు కొమ్ము సంగతి. బొమ్మల్లో కనిపించే దాగలికి ఒకవైపు కోసుగా కొమ్ము, మరోవైపు చదరపు రంధ్రం, మధ్యలో సన్నటి నడుము ఉంటాయి. అది ఐరోపాలో గుర్రపు లాడాలు, బండి చక్రాల పట్టాలు చేసేవాళ్ల అవసరాలకు తగ్గట్టు తయారైన ఆకారం. మన పల్లె కమ్మరి చాలాచోట్ల నేలలో పాతిన మొద్దులోకి దిగ్గొట్టిన చదరపు దిమ్మ ముందు కూర్చునే నాగలి కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు సాగదీశాడు. జపాన్ కత్తుల కమ్మర్లదీ కొమ్ములేని దిమ్మే. కొట్టేటప్పుడు పనిచేసేది సుత్తి మొహం ఆనే చోటు, దాని కిందున్న ఉక్కు, అంతే. పక్కకు చాచుకున్న భాగాల బరువు ఆ దెబ్బకు పెద్దగా సాయపడదు. వంపులు తిప్పడానికి కొమ్ము సుఖమే, కానీ వైస్‌లో బిగించిన 40 లేదా 50 మిల్లీమీటర్ల రౌండ్ కడ్డీ ముక్క మీద అవే వంపులు వస్తాయి.

కాబట్టి మొదటి దాగలిలో చూడాల్సినవి మూడే: సుత్తి కింద నిలువునా ఎంత ఉక్కు ఉంది, పైముఖం ఎంత గట్టిది, కింద ఎంత బిగువుగా కూర్చుంది. బరువు విషయంలో మేం పాటించే లెక్క, సుత్తికి ఇరవై అయిదు రెట్లు. 800 గ్రాముల సుత్తికి 20 కిలోల దిమ్మ, కిలో సుత్తికి 25 కిలోలు. 12 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ వరకు ఒంటిచేత్తో చేసే ఏ పనికైనా ఇది సరిపోతుంది. 70 కిలోలు కావాల్సింది ఎదురుగా ఇంకొకడు సమ్మెట వేసేటప్పుడు.

ఆకారం మాట వచ్చింది గనక ఒక లెక్క చూడండి. ఉక్కు ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు తూగుతుంది. 100 × 100 మిల్లీమీటర్ల చదరం, 300 పొడవున్న దిమ్మ దాదాపు 23.5 కిలోలు. 300 × 300 వెడల్పు, 33 మందం ఉన్న ప్లేటు కూడా ఇంచుమించు అంతే. కొట్లో ప్లేటు చూడ్డానికి పెద్దగా, వెడల్పుగా కనబడుతుంది, బేరం కూడా అదే బాగున్నట్టు అనిపిస్తుంది. తీరా కొడితే దెబ్బ కింద ఉన్నది 33 మిల్లీమీటర్లే. ప్లేటు వంగి లేస్తుంది, మోత మోగుతుంది, కడ్డీ మాత్రం సాగదు. దిమ్మను నిలువుగా నిలబెడితే దెబ్బ కింద 300 మిల్లీమీటర్ల ఉక్కు ఉంటుంది. పైముఖం అరచేయంతే అయినా సుత్తి మొహం అంతకన్నా చిన్నదే కదా. రౌండ్ దొరికితే 125 వ్యాసం, 200 పొడవున్నది 19 కిలోలు, 150 వ్యాసానిది 27 కిలోలు పైచిలుకు. ఇవి రాసిపెట్టుకుని కొట్టుకు వెళ్తే తూకంలో మోసం కూడా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇక లోహం. ఆన్‌లైన్‌లో అయిదు, పది కిలోల లెక్కన రంగు వేసి అమ్మే కొమ్ము దాగళ్లలో చాలావరకు బూడిదరంగు పోత ఇనుము. చిన్నసైజువి నగల పనికి, రివెట్లు కొట్టుకోవడానికి పనికొస్తాయి, కాదనం. వేడి కడ్డీ పెట్టి సుత్తితో బాదితే అంచులు పెళ్లలుగా లేస్తాయి, పైముఖం గుంటలు పడుతుంది, కొమ్ము మెడ దగ్గర విరిగే ప్రమాదమూ ఉంది. పోత ఇనుములో కార్బన్ రేకులుగా పేరుకుని ఉంటుంది. ఆ రేకులే దెబ్బ శక్తిని మింగేస్తాయి, పగులుకు దారి ఇచ్చేవీ అవే. అమ్మకం పేజీలో పోత ఉక్కు అని స్పష్టంగా ఉంటే అది వేరే సరుకు, కొనవచ్చు. ఏ లోహమో చెప్పకుండా హెవీ డ్యూటీ అని మాత్రమే ఉంటే వదిలేయండి.

తుక్కులో దొరికేవాటిలో మా వరస ఇది. అన్నిటికన్నా మేలైనది ఫోర్జింగ్ షాపుల్లో వాడి పక్కన పడేసిన డై (అచ్చు) దిమ్మ. డిన్ 2714, హెచ్13 లాంటి డై స్టీళ్లు గట్టిదనం పట్టించి వాడేవి కాబట్టి సుత్తి తప్పి తగిలినా సొట్ట పడవు. తీసుకునేటప్పుడు ఒక్కటి చూడండి. అచ్చు చెక్కిన ముఖం మీద వేడికీ చల్లదనానికీ పుట్టిన సన్నటి పగుళ్లు సాలెగూడులా పరుచుకుని ఉంటాయి. ఆ వైపును కిందికి తిప్పి, నున్నటి అడుగుభాగాన్ని పైముఖంగా వాడాలి. పగులు పక్కగోడలోకి దిగి ఉంటే ఆ దిమ్మ వద్దు. దాని తర్వాత ఈఎన్24, ఈఎన్8 అనే గట్టి ఉక్కు రకాల రౌండ్ల కటింగ్ ముక్కలు. మామూలు ఎమ్ఎస్ (మైల్డ్ స్టీల్) దిమ్మ ఆఖరు, కానీ అదీ పనికిరానిది కాదు. మెత్తన కాబట్టి సొట్టలు పడతాయి, ఏడాదికోసారి ఫ్లాప్ డిస్క్‌తో (గ్రైండర్‌కు తగిలించే గరుకు కాగితపు చక్రం) సరిచేసుకోవాలి. ఎర్రగా కాలిన ఇనుము దానికన్నా ఎంతో మెత్తన గనక పని ఆగదు.

పొక్లెయిన్ పిన్నులు చాలామంది అడుగుతారు. 80, 100 మిల్లీమీటర్ల వ్యాసమున్నది నిలువుగా నిలబెడితే బాగానే ఉంటుంది. పైపొర ఇండక్షన్‌తో (కరెంటు వేడితో) గట్టిపరిచి ఉంటుంది, కోసిన ముఖం మధ్యలో కాస్త మెత్తన, అంచున గట్టి. ఆ గట్టి అంచు పెచ్చు లేవకుండా గుండ్రం చేయడం మరవకూడదు. హైడ్రాలిక్ సిలిండర్ రాడ్లు మాత్రం వద్దంటాం. పైనున్న క్రోమ్ పూత దెబ్బకు పొరలుగా ఎగురుతుంది, గ్రైండ్ చేస్తే వచ్చే పొడి ఊపిరితిత్తులకు చేటు.

ఏమీ దొరకనివాళ్లకు అన్నిటికన్నా చవక దారి సమ్మెట తల. ఎనిమిది కిలోల సమ్మెట తలను మొద్దులో సగానికి పైగా దిగేసి ఒక మొహం పైకి ఉంచితే, గట్టిపరిచిన 60 మిల్లీమీటర్ల దాగలి సిద్ధం. లింగిచెట్టి వీధి వైపు పనిముట్ల కొట్లలో కొత్తదే దొరుకుతుంది. సమ్మెట మొహం ఉబ్బెత్తుగా ఉంటుంది, మధ్యభాగాన్ని ఓపిగ్గా, వేడెక్కనీయకుండా చదును చేసుకోవాలి. 6, 8 మిల్లీమీటర్ల కడ్డీలకు అది చాలు.

రైలు పట్టా ముక్క గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యంలో, ఎక్కడైనా సంపాదించండి అన్నట్టు రాశారు. అక్కడే మాకు కంగారు పుట్టింది. 1966 నాటి రైల్వే ఆస్తి (చట్టవిరుద్ధ స్వాధీనం) చట్టం ప్రకారం, దొంగసొత్తని అనుమానించడానికి కారణమున్న రైల్వే సామాను దగ్గర ఉంటే చాలు, అది న్యాయంగా వచ్చిందని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఉన్నవాడి మీదే పడుతుంది. అడుగు ముక్క అయినా అంతే. పెరంబూరు వైపు కావచ్చు, ఇంకెక్కడైనా కావచ్చు, లైను పక్కన పడున్న ముక్కను తెచ్చుకోకండి. రైల్వే వేలంలో కొన్న వ్యాపారి దగ్గర బిల్లుతో కొంటే ఇబ్బంది లేదు, ఆ బిల్లును పారేయకుండా దాచుకోండి. ఫ్యాక్టరీల్లో క్రేన్ తిరిగే పట్టాలు వేరే రకం, మందమైన నడుముతో ఇంకా బాగుంటాయి. ఎస్టేట్లలో షెడ్లు విప్పేటప్పుడు అవి బయటికి వస్తాయి.

న్యాయంగా దొరికిన పట్టాను ఎలా వాడాలన్నదీ వ్యాసంలో తిరగబడింది. ఫొటోలో ఉన్నట్టు రైలు కింద పడుకున్నట్టే పడుకోబెట్టి వాడితే దెబ్బ కింద ఉండేది 72 మిల్లీమీటర్ల తల, దాని కింద 16.5 మిల్లీమీటర్ల నడుము. మీటరుకు 60 కిలోలు తూగే రకం పట్టా కొలతలివి. తల కూడా చక్రానికి తగ్గట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. దెబ్బ దెబ్బకూ నడుము స్ప్రింగులా అదిరి, ఆలయం గంటలా మోగుతుంది. అదే ముక్కను 450 మిల్లీమీటర్లు కోయించి నిలబెట్టండి. 27 కిలోలూ సుత్తి కిందికి వస్తాయి. పైన కోసిన ముఖంలో తల వైపు మందమైన చోట కొట్టడం, నడుము అంచు మీద సాగదీయడం, పాదం సన్నటి అంచు మీద వంచడం, మూడూ ఒకే ముక్కలో కుదురుతాయి. గ్యాస్ కటింగ్ చేయించకండి. మంట తగిలిన చోట పట్టా ఉక్కు ఆరేటప్పుడు పెళుసెక్కుతుంది. బ్యాండ్‌సా (పట్టీ రంపం) మీద కోయిస్తే ముఖం చదునుగా వస్తుంది, గ్రైండింగ్ కూడా తగ్గుతుంది.

కొనేటప్పుడు జేబులో పెట్టుకెళ్లాల్సినవి 25 మిల్లీమీటర్ల బేరింగ్ గుండు, 300 మిల్లీమీటర్ల స్కేలు, చిన్న కొత్త ఆకురాయి. దిమ్మను తుక్కు కుప్ప మీద కాకుండా సిమెంటు నేల మీద పెట్టించండి. కుప్ప మీదుంటే ఎంత మంచి ఉక్కైనా చెడ్డదిగానే కనబడుతుంది. పైన తుప్పు, రంగు గీకేసి, స్కేలు నిలబెట్టి, గుండును 250 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదలండి. తిరిగి 175 దాటి లేస్తే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. సగం ఎత్తుకు అటూ ఇటూ అయితే మెత్తటి ఉక్కు. మూడో వంతు దగ్గరే చచ్చుబడిపోతే పోత ఇనుమో, లోపల పగులో ఉంది. నాలుగైదు చోట్ల వేసి చూడాలి. ఒక్కచోట మాత్రమే గుండు లేవకపోతే అక్కడ వెల్డింగ్ అతుకో, కింద బోలో ఉన్నట్టు. ఆకురాయి అంచును మూలమీద గట్టిగా లాగితే, జారిపోతే గట్టిపరిచిన ఉక్కు, కొద్దిగా కరిస్తే ఈఎన్8 లాంటిది, వెన్నలా పట్టేస్తే ఎమ్ఎస్. కొట్టువాడు గ్రైండర్ పెట్టనిస్తే నిప్పురవ్వలు కూడా చెబుతాయి. ఎమ్ఎస్‌కు పొడుగాటి గీతలు, కార్బన్ ఎక్కువున్న ఉక్కుకు చివర పూలు విచ్చినట్టు గుబురుగా, పోత ఇనుముకు పొట్టిగా, మబ్బు ఎరుపులో.

ఎక్కడ వెతకాలి? పుదుపేట అనగానే అందరూ వెళ్తారు, కానీ అక్కడ దొరికేవి బండ్ల భాగాలు: ఇరుసులు, కమాన్ పట్టీలు. కమాన్ పట్టీ తర్వాత కత్తులకు పనికొస్తుంది, దాగలికి కాదు. దిమ్మల కోసం 1958లో మొదలైన గిండి ఎస్టేట్, దాని తర్వాత వచ్చిన అంబత్తూరు ఎస్టేట్ చుట్టూ ఉన్న ఉక్కు కటింగ్ కొట్లు, తుక్కు కొట్లు నయం. బ్యాండ్‌సా కొట్లలో రౌండ్ల చివరి ముక్కలు మూలన పడుంటాయి. పనికొచ్చే ముక్కని అడిగితే తుక్కు ధరకన్నా ఎక్కువే చెబుతారు, అది న్యాయమే. ఏ గ్రేడో వాళ్లకు తెలుసు కాబట్టి, గ్రేడు చెప్పి అమ్మేవాడికి రెండు రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

మీ వ్యాసంలో అసలు లేనిది పీట సంగతి, అంటే దాగలిని నిలబెట్టే మొద్దు. మా లెక్కలో సగం దాగలి అదే. వదులుగా ఉన్న దిమ్మ మీద కొట్టడం పరుపు మీద కొబ్బరికాయ కొట్టడమే. ముందు ఎత్తు చూసుకోవాలి. పనికి వేసుకునే బూట్లతో నిటారుగా నిలబడి, చెయ్యి వదులుగా వేలాడేసి, పిడికిలి బిగించండి. వేళ్ల మెటికలు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో పైముఖం అక్కడుండాలి. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి అది 72 నుంచి 75 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఎక్కువ ఎత్తయితే భుజం పట్టేస్తుంది, సుత్తి మొహంలో మన వైపు అంచు ముందు తగిలి కడ్డీ మీద అర్ధచంద్రాకారపు గాట్లు పడతాయి. తక్కువైతే నడుం పోతుంది, సుత్తి ముందంచు గాట్లు పెడుతుంది. కడ్డీ మీద గాట్లు ఏ వైపు పడుతున్నాయో చూస్తే ఎత్తు ఎటు మార్చాలో తెలిసిపోతుంది.

మొద్దుకు చింత మేలు. మాంసం కొట్లలో వాడే మొద్దు కూడా అదే. పీచు నిలువుగా ఉండాలి, అడ్డంగా కాదు. 38 సెంటీమీటర్ల వ్యాసం, 50 ఎత్తున్న చింత మొద్దు 50 కిలోలకు తగ్గదు, దిమ్మకు అది తోడు. పచ్చిది ఆరేకొద్దీ నెర్రెలిస్తుంది కాబట్టి పైనా కిందా 25 × 3 మిల్లీమీటర్ల ఇనుప పట్టీతో బండి చక్రానికి వేసినట్టు బిగించి బోల్టు వేయండి, వదులైనప్పుడల్లా తిప్పుకోవచ్చు. 300 ఎత్తున్న దిమ్మకు మొద్దులో 50, 60 మిల్లీమీటర్ల లోతు గాడి ఉలితో తీయాలి. గాడి అడుగు చదునుగా ఉందా లేదా అన్నది దిమ్మ అడుగున సుద్ద పూసి దింపి చూడండి. సుద్ద అంటిన ఎత్తుచోట్లు మాత్రమే చెక్కుకుంటూ పోతే నాలుగైదు దింపుళ్లలో అడుగంతా తెల్లబడుతుంది. గాడిలో సిలికాన్ సీలెంట్ ఒక పొర వేసి దిమ్మను కూర్చోబెడితే మోత సగం చస్తుంది. చుట్టూ 40 × 40 × 5 యాంగిల్ ముక్కలు నాలుగు, ఒక్కోదానికి రెండు పొడుగాటి మరమేకులు. దిమ్మకూ యాంగిల్‌కూ మధ్య సందు మిగిలితే టేకు చీలిక దిగ్గొట్టండి.

మొద్దు దొరకకపోతే ఇసుక పెట్టె. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో లోపల 40 × 40, ఎత్తు 45 సెంటీమీటర్ల పెట్టె చేసి పొడి ఇసుకను పది సెంటీమీటర్లకో పొరగా కూరి దిమ్మిస చేస్తే 110 కిలోలకు పైనే అవుతుంది. పైన మందపాటి చెక్క, దాని మీద దిమ్మ. ఎత్తు సవరించడానికి ఇసుక తీయడం, పోయడం తప్ప వేరే పని లేదు. తడి ఇసుక వద్దు, ఆరాక కుంగుతుంది, అడుగున దిమ్మ తుప్పు పడుతుంది. ఇసుక పెట్టెకున్న ఇంకో సుగుణం, మోత చాలా తక్కువ.

ఇప్పుడు అంచులు. కొత్తగా కోసిన దిమ్మ అంచు కత్తిలా ఉంటుంది. ఆ వాడి అంచు మీద కడ్డీ వంచితే లోపలి మూలలో సన్నటి గీత పడుతుంది. తర్వాతి దెబ్బకు ఆ గీత మీద లోహం మడతపడి అతుక్కోకుండా ఉండిపోతుంది. వస్తువు చల్లారాక సరిగ్గా అక్కడే విరుగుతుంది. అందుకని ఫ్లాప్ డిస్క్ 60 నంబరుతో నాలుగు అంచుల్నీ నాలుగు రకాలుగా గుండ్రం చేసుకోండి: ఒకటి 1 మిల్లీమీటరు, ఒకటి 3, ఒకటి 6, ఒకటి 10. తర్వాత 120 నంబరుతో నున్న చేయాలి. వేలు పెట్టలేనంత వేడెక్కితే ఆపండి. నీలిరంగు తిరిగిందంటే గట్టిపరిచిన ఉక్కు అక్కడ మెత్తబడి ఉండొచ్చు. పైముఖం ఒకటి రెండు మిల్లీమీటర్లు పల్లంగా ఉన్నా దాని జోలికి పోకండి. చదును చేయిస్తానని మిల్లింగుకు పంపితే గట్టిపొరే పోతుంది, పైగా కడ్డీ నిటారు చేసేటప్పుడు ఆ పల్లమే అక్కరకొస్తుంది. పాత దాగలి పైముఖం మీద వెల్డింగ్‌తో పూత వేయించే ఆలోచన కూడా మానుకోండి. ముందుగా అంతటినీ సమంగా వేడిచేయకుండా వేసిన వెల్డింగ్ చుట్టూ ఉక్కు పెళుసెక్కి, పెచ్చు లేచే ప్రమాదం ఉంది.

సుత్తి మొహం అంచులు కూడా అలాగే గుండ్రం చేయాలి. సుత్తీ గట్టిదే, దాగలీ గట్టిదే. తప్పిన దెబ్బకు రెండిట్లో ఒకదాని పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది. కళ్లద్దాలు ఎందుకంటే నిప్పురవ్వలకన్నా ముందు ఇందుకే. సుత్తి పట్టిన చేతికి గ్లవ్ వద్దు, పిడి జారుతుంది.

మొదటి పనిగా కత్తి చేయమని మీ వ్యాసంలో రాశారు. మేమైతే కొక్కెం చేయమంటాం. 10 మిల్లీమీటర్ల ఎమ్ఎస్ చదరపు కడ్డీ మీటరుకు 785 గ్రాములు, 160 మిల్లీమీటర్ల ముక్క చాలు. టీఎంటీ కడ్డీ వద్దు, అది ముక్కకో తీరుగా ప్రవర్తిస్తుంది. జింకు పూత ఉన్న పైపులు, కడ్డీలు నిప్పులో పెట్టనే కూడదు, ఆ పొగకు చలిజ్వరం వస్తుంది. చివరి 40 మిల్లీమీటర్లు నారింజ, పసుపు రంగుల మధ్యకు వచ్చేదాకా కాల్చి, 10 మిల్లీమీటర్ల గుండ్రమున్న అంచు మీద ఆనించి మొన తీయండి. కడ్డీని ఎంత వాలుగా పట్టారో సుత్తినీ అంతే వాలుగా వేయాలి. రెండు దెబ్బలకోసారి పావు చుట్టు తిప్పాలి. ముందు పొట్టి మొన, తర్వాత పొడుగు. ఒకేసారి పొడుగు మొనకు పోతే పైచర్మం సాగి లోపలిది వెనకబడి, చివర చేపనోరులా తెరుచుకుంటుంది. అలా అయితే దాన్ని అణిచిపెట్టకండి, ఆ మేర నరికేసి మళ్లీ మొదలుపెట్టండి. నాలుగు పలకలుగా మొన వచ్చాక మూలలు అణిచి ఎనిమిది పలకలు, ఆ తర్వాతే గుండ్రం. నాలుగు పలకల నుంచి నేరుగా గుండ్రానికి పోతే లోహం మెలితిరిగి పీచులుగా చీలుతుంది. రంగు మబ్బు ఎరుపుకు దిగగానే ఆపి మళ్లీ నిప్పులో పెట్టాలి. మొన కొసను 3 మిల్లీమీటర్ల అంచు మీద చిన్నగా వెనక్కి తిప్పి, ఆపైన వైస్‌లో బిగించిన 40 మిల్లీమీటర్ల రౌండ్ మీద కొక్కెం వంపు తిప్పండి.

చిన్న దాగలితో ఒక తంటా ఉంది. సన్నటి కడ్డీ దాని మీద పెట్టగానే వేడి పీల్చేస్తుంది. అందుకని కడ్డీని ముందు ఆనించి తర్వాత సుత్తి ఎత్తకూడదు. సుత్తి ఎత్తి ఉంచి, కడ్డీ ఆనిన క్షణమే దెబ్బ పడాలి. దాగలిని ముందుగా వేడిచేయమని చలిదేశాల పుస్తకాల్లో ఉంటుంది. చెన్నైలో జనవరిలో కూడా ఆ అవసరం రాదు. వేడి కోత ఎప్పుడూ పైముఖం మీద వేయకండి. 5 మిల్లీమీటర్ల ఎమ్ఎస్ రేకు ముక్క పరిచి దాని మీద ఉలి పెట్టండి, లేకపోతే ఉలీ పోతుంది, దాగలీ పోతుంది.

శబ్దం గురించి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ అని 2000 నాటి నియమాలున్నాయి. దాగలి మోత ఆ హద్దు సులభంగా దాటుతుంది. సిలికాన్ వేసినా ఇంకా మోగితే దిమ్మ పక్కకు పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి అంటించండి, బాగా తగ్గుతుంది. మేడ మీద పెట్టుకోకండి. శ్లాబు గుండా దెబ్బ కింది ఇంటి గోడల్లోకి దిగుతుంది, ఏ రబ్బరు పట్టా వేసినా పూర్తిగా ఆగదు. నేల మీద, మొద్దు కింద 12 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాటు వేసి, పగటిపూట, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని కొట్టండి.

ఉప్పుగాలికి తుప్పు రోజుల్లో వస్తుంది. పని అయ్యాక పైముఖం మీద పలుచగా నూనె పూయండి, కొట్టేముందు తుడిచేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో ప్లాస్టిక్ పట్టా చుట్టకండి, లోపల చెమ్మ నిలుస్తుంది. పాత గోనెసంచికి నూనె రాసి కప్పితే చాలు.

వచ్చే వారం కొలిమి గురించి రాస్తామన్నారు. గ్యాస్ కొలిమి గురించి రాసేట్టయితే ఇంట్లో వంటకిచ్చే సిలిండర్‌ను దానికి వాడడం నిబంధనలకు విరుద్ధమని, వాణిజ్య సిలిండర్ తీసుకోవాలని తప్పక రాయండి. వీలైతే పట్టా ముక్క పడుకోబెట్టి ఉన్న ఆ ఫొటో తీసేసి, నిలబెట్టిన దాగలి ఫొటో వేయండి.

ఇట్లు,
టూల్‌రూమ్, ఫోర్జింగ్ పనివారైన కొందరు పాఠకులు,
అంబత్తూరు, చెన్నై